అదే రోజు దిద్దుకోమన్న సువార్త ఆంటీ

ఈరోజు మధ్యాహ్నం పాపను తీసుకురావడానికి బడికి వెళ్ళేసరికి, హాలు అప్పుడే తుడిచినట్టున్నారు. నేల తుడిచే మందు నిమ్మ వాసన ముక్కుకు తగలగానే సువార్త ఆంటీ గుర్తొచ్చారు. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. పిల్లలిద్దరూ పడుకున్నాక ఆవిడ గురించి రాయాలనిపించి కూర్చున్నాను.

మెల్‌బోర్న్‌లో మా తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. ట్రుగనీనాలో ఒక ప్రైమరీ స్కూలు హాలునూ, పక్కనే ఉన్న తరగతి గదినీ ఆదివారాలు అద్దెకు తీసుకుంటాం. హాల్లో ఆరాధన, గదిలో పిల్లలకు సండే స్కూలు. ఆంటీ తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడే ఇరవై ఏళ్ళు వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు స్నానాలు చేయించే ఉద్యోగం చేశారు. ఆదివారం మాకంటే ముందే వచ్చి, ఎవరూ అడుగు పెట్టకముందే ఆ తరగతి గదికి నాలుగు మూలల నుంచీ ఫోనులో ఫొటోలు తీసుకునేవారు. కూడిక అయ్యాక ఆ ఫొటోలు చూసుకుంటూ ఏ కుర్చీ ఎక్కడుండేదో, ఏ రంగు పెన్సిళ్ళ డబ్బా ఎటు తిరిగి ఉండేదో అచ్చం అలాగే సర్ది, అదే నిమ్మ వాసన మందుతో నేల తుడిచేవారు.

ప్రభువు రాకడ మీద, అంటే ఆయన మళ్ళీ వస్తాడన్న మాట మీద, ఆవిడకున్నంత నమ్మకం మా సంఘంలో ఇంకెవరికీ లేదు. ప్రార్థన చేస్తే "ఈ దినమే వచ్చినా సిద్ధమే తండ్రీ" అని ముగించేవారు. ఒకసారి కుర్చీలు మోస్తున్న కుర్రాళ్ళలో ఒకడు ఆటపట్టించాడు.

"ప్రభువు ఈరోజే వచ్చేస్తాడంటారు. మళ్ళీ కుర్చీ కాళ్ళు తుడుస్తారేంటి ఆంటీ?"

"ఆయనొక్కడే వస్తాడనుకున్నావా? రేపు పొద్దున్నే టీచరమ్మ కూడా వస్తది. నువ్వా మూల పట్టు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ ఆవిడ మాట నాకు అప్పుడు వేళాకోళంలానే అనిపించింది. ఎందుకంటే ఆ రోజుల్లో నాకు రాకడ అంటే వణుకు. మా పెద్దమ్మాయి హన్నాకు నాలుగేళ్ళు, చిన్నది కడుపులో ఉంది. ఉద్యోగానికి సెలవు పెట్టి పగలంతా హన్నాతో ఇంట్లోనే ఉండేదాన్ని. పొద్దస్తమానం లోకం అంతమయ్యే కడవరి దినాల మీద ప్రసంగాల వీడియోలు చూసేదాన్ని. ఎక్కడ భూకంపం వచ్చినా, ఎక్కడ యుద్ధమైనా అది నాకోసమే వచ్చిన కబురులా ఉండేది. గ్యారేజీలో బియ్యం బస్తాలూ నీళ్ళ సీసాలూ పేర్చాను. మావారు కారు బయట పెట్టుకోవడం మొదలుపెట్టారు.

అలాంటి రోజుల్లోనే సండే స్కూల్లో రాకడ పాఠం చెప్పే వంతు నాకొచ్చింది. తొమ్మిది మంది పిల్లలు. బోర్డు మీద తిరగలి విసురుతున్న ఇద్దరు ఆడవాళ్ళను గీశాను. ప్రభువు వచ్చినప్పుడు ఒకరు పరలోకానికి ఎత్తబడతారు, ఒకరు ఇక్కడే మిగిలిపోతారు అని చెప్పి, డస్టరు తీసుకుని ఒకామెను తుడిచేశాను. పిల్లలందరూ బోర్డు వంకే చూస్తుండిపోయారు. పాఠం బాగా చెప్పాననుకున్నాను. సర్దడానికి వచ్చిన ఆంటీ బోర్డు మీద మిగిలిన ఆ ఒక్క ఆడమనిషి వంక కాసేపు చూసి, తుడిచేశారు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం హన్నా నిద్రపోతోంటే నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. అది లేచి చూసేసరికి నా చెప్పులు సోఫా దగ్గర, నా శాలువా సోఫా మీద ఉన్నాయి. నేను లేను. వీధి తలుపు తీసుకుని ఉత్తి కాళ్ళతో రోడ్డు మీదికి పరుగెత్తింది. ఎదురింటి పంజాబీ ఆవిడ పట్టుకుని ఎత్తుకొచ్చింది. నన్ను చూడగానే పాప అన్న మాట ఇది: "జీసస్ రబ్డ్ యూ అవుట్, మమ్మీ."

ఆ తర్వాత నేను బాత్రూముకు వెళ్ళినా తలుపు వేసుకోనిచ్చేది కాదు. రాత్రిళ్ళు నా చెయ్యి తన మీద నుంచి తీస్తే లేచిపోయేది. ఇలా రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. చివరికి సిగ్గు విడిచి ఆంటీకి ఫోన్ చేశాను. ఆవిడ పొద్దుటి డ్యూటీ దిగి, యూనిఫాంలోనే వచ్చేశారు. సంచిలోంచి చిక్కుడుకాయలు తీసి, హన్నాను పక్కన కూర్చోబెట్టుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టారు.

"ఆ బొమ్మ నేను చూశానమ్మా షారోనూ. ఆ రోజే అడగాల్సింది. నా తప్పు కూడా ఉంది," అన్నారు. ఇంకో కాయ తీసుకుని, "రాకడంటే నీకు భయమా?"

"భయమే ఆంటీ."

"ఎవరొస్తన్నారని?"

నేను కింద పడ్డ ఈనెలు ఏరసాగాను.

"ఎవడో తెలీనోడు వస్తన్నట్టు చెప్పావే పిల్లలకి. నువ్వు రోజూ ప్రార్థన చేసుకునేది ఆయనకే కదా?"

"దొంగ వచ్చినట్టు వస్తాడని బైబిల్లో ఉంది కదా ఆంటీ."

"ఏ టైముకొస్తాడో తెలీదని ఆ మాట. ఎత్తుకుపోతాడని కాదు." ఒలిచిన కాయ హన్నా చేతిలో పెట్టి, "జీసస్ మీ మమ్మీని దొంగతనం చెయ్యడమ్మా. ఆయనకి నువ్వూ తెలుసు, మమ్మీ కూడా తెలుసు," అన్నారు.

హన్నా నా వైపు చూసింది. "బట్ మమ్మీ సెడ్."

ఆంటీ కూడా నా వైపే చూశారు. "తప్పు చెప్పానని చెప్పు."

హన్నాకు చెప్పాను. అది తేలికే. "మిగతా ఎనిమిది మందికీ?" అన్నారు ఆంటీ.

"వచ్చే ఆదివారం క్లాసులో చెప్తాను."

"అప్పటిదాకా ఆగుతానని ఆయన నీకేమన్నా ఫోన్ చేశాడా?"

ఆవిడ నవ్వుతూనే అన్నారు కానీ కదలలేదు. నేను తల్లులకు ఒక్కొక్కరికే ఫోన్ చేస్తుంటే ఎదురుగా కూర్చుని కాయలు ఒలుస్తూనే ఉన్నారు. నాలుగో ఆవిడ, "అదా సంగతి. మావాడు రెండు వారాల నుంచి మా మంచం దిగట్లేదు. నీకూ పిల్లలున్నారు కదా, ఆమాత్రం తెలీదా?" అంది. ఫోను పెట్టేశాక ఆంటీ ఓదార్చలేదు. "ఇంకెంతమంది?" అన్నారు. ఇంకా నలుగురు.

ఆదివారం క్లాసులో ఆ బొమ్మ మళ్ళీ గీశాను, ఇద్దరినీ ఉంచి. "సో యూ వర్ రాంగ్, మిస్?" అని అడిగాడొక పిల్లాడు. అవునన్నాను. భయపెట్టేలా చెప్పాననీ, వచ్చేది వాళ్ళను ప్రేమించేవాడేననీ చెప్పాను. అందరూ నమ్మారో లేదో తెలియదు. హన్నా మామూలు కావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆవిడ నాకు రాకడ మీద ఎప్పుడూ ప్రసంగం చెయ్యలేదు. నేను ఆ నమ్మకాన్ని గ్యారేజీలో దాచుకుంటే, ఆవిడ దానితో రోజు గడిపారు. డ్యూటీలో ఒక ముసలాయన్ను విసుక్కుంటే, ఇంటికి బయల్దేరేముందు వెనక్కి వెళ్ళి చెయ్యి పట్టుకుని వచ్చేవారు. తోడికోడలితో మాట తేడా వస్తే పొద్దుగూకేలోపు ఫోన్ చేసేవారు. ఏదీ రేపటికి ఉంచుకునేవారు కాదు. అయినా, గుండెపోటుతో పోయిన నాటికి హాలు సర్దేవాళ్ళ జాబితాలో ఆ టర్ము మొత్తానికీ తన పేరు రాసి ఉంది. ఆ ఆదివారాలు మేం కొందరం పంచుకున్నాం.

నా భయం పూర్తిగా పోలేదు. వార్తల్లో భూకంపమంటే ఇప్పటికీ టీవీ కట్టేస్తాను. ఈ సాయంత్రం హన్నా చెల్లెలి చొక్కా నిండా పాలు ఒలికిస్తే అక్కర్లేనంత గట్టిగా అరిచాను. అది వెళ్ళి పడుకుంది. పొద్దున చెప్పుకోవచ్చులే అనుకున్నాను, గిన్నెలు తోమడం మొదలుపెట్టాను. తోమలేకపోయాను. తడి చేతులతోనే వెళ్ళి మంచం అంచున కూర్చుని, "సారీ నాన్నా, అంత అరవకూడదు," అన్నాను.

దానికిప్పుడు ఏడేళ్ళు. కళ్ళు తెరవకుండానే, "ఇట్స్ ఓకే మమ్మీ. యూ కెన్ గో నౌ," అంది.