ఒరగని కారు

పెళ్లయి ఈ ఊరు వచ్చాక చాలా ఏళ్లు మా మావయ్య నాతో నేరుగా మాట్లాడింది తక్కువ. కోపం కాదు, ఇంటి పద్ధతి అది. ఆయన ఒకప్పుడు ఊరికి సర్పంచిగా చేశారు. ఉద్దానంలో కొబ్బరితోట, జీడితోట ఉన్న మనిషి. ఆయన వీధి అరుగు మీద కూర్చుని ఉంటే నేను పెరటి దారిన వెళ్లేదాన్ని. అలాంటి మనిషిని కారు వెనకసీట్లో కూర్చోబెట్టుకుని నేను పలాస తీసుకువెళ్లే రోజు వస్తుందని మా ఇద్దరిలో ఎవరమూ అనుకోలేదు.

కిడ్నీ జబ్బు గురించి మా వైపు ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. మావయ్యకు డయాలసిస్ మొదలైన కొత్తలో ఆటోలో వెళ్లి వచ్చేవారు. ఒకరోజు తిరుగు ప్రయాణంలో కళ్లు తిరిగి ఆటోలోంచి ముందుకు తూలారు. పక్కనున్నవాళ్లు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. మా ఆయన ఉద్యోగం విశాఖపట్నంలో. వారానికోసారి వస్తారు. నాకు పుట్టింట్లో, టెక్కలిలో ఉండగానే డ్రైవింగ్ వచ్చు. అందుకని ఒక పాత చిన్న కారు కొని నా చేతిలో పెట్టారు.

మొదట్లో మావయ్య ఇంటి ముందు కారెక్కేవారు కాదు. తోట దారిన నడిచి, ఊరు దాటాక తారురోడ్డు మీద నిలబడేవారు. నేను వెనకాల ఖాళీ కారు తోలుకుంటూ వెళ్లి ఎక్కించుకునేదాన్ని. ఎందుకని అత్తయ్యను అడిగితే చెప్పింది.

"కోడలు తోల్తంటే మావ ఎనకాల కూకున్నాడని నవ్వుతారట. సిగ్గట ఆయనకి. నానేటి సెప్పను?"

నడిచే ఓపిక తగ్గాక ఆ సిగ్గునీ పక్కన పెట్టారు. గేటు దగ్గరే ఎక్కడం మొదలుపెట్టారు. తల మాత్రం దించుకునే ఉండేవారు.

ఆ కారుతో ఒక చిక్కు ఉంది. తేలికపాటి బండి, పాత షాకబ్జర్లు. మలుపు తిరిగితే చాలు, నిండు పడవలా ఒక పక్కకి ఒరిగిపోయేది. నాకు స్టీరింగ్ పట్టు ఉంటుంది కాబట్టి తెలియదు. వెనక కూర్చున్నవాళ్లు ఈ తలుపు నుంచి ఆ తలుపుకి జారిపోతారు. మావయ్యకి ఎడమచేతికి ఫిస్టులా ఉంది. రక్తం తీసి శుభ్రం చేసి మళ్లీ ఎక్కించడానికి నరాలు కలిపి కుట్టిన చోటు అది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, దేన్నీ గుంజకూడదు. కారు ఒరిగినప్పుడల్లా ఆయన మరిచిపోయి ఆ చేత్తోనే కిటికీ మీద పిడి పట్టుకునేవారు. అద్దంలో చూసి "మావయ్యా, సెయ్యి" అనేదాన్ని. ఆయన తప్పు చేసినట్టు చప్పున వదిలేసేవారు.

ఒక మధ్యాహ్నం కాశీబుగ్గ దాటి మా వైపు రోడ్డుకి తిరుగుతుంటే ఎదురుగా ఆవు వచ్చింది. స్టీరింగ్ గట్టిగా పక్కకి తిప్పాను. కారు ఒక పక్కకి వంగి, మళ్లీ ఇటు ఊగింది. వెనక సీట్లో మావయ్య పక్కకి పడిపోయి, లేస్తూనే వాంతి చేసుకున్నారు. చొక్కా మీద, సీటు మీద పడింది. నేను ఆపి వెనక తలుపు తీశాను. ఆయన తువ్వాలుతో తుడుస్తున్నారు.

"నాను తుడుస్తాను, మీరు కూకోండి మావయ్యా."

"ఒగ్గేయమ్మా. ముట్టుకోకు. నాను తుడుసుకుంటాను."

నా మొహం వైపు చూడలేదు. ఇంటికి వచ్చాక అత్తయ్య వద్దంటున్నా వినకుండా, చెంబుతో నీళ్లు తెచ్చి ఆ సీటు ఆయనే కడిగారు. వీధిలో వెళ్లేవాళ్లు చూస్తూ వెళ్లారు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. వెళ్లి చెంబు లాక్కుంటే ఇంకా చిన్నబుచ్చినట్టవుతుంది. ఊరికే నిలబడితే నాకే తల కొట్టేసినట్టుగా ఉంది.

తర్వాతి డయాలసిస్ రోజున ఆయన మంచం దిగలేదు. "ఈయాల రాను. ఒంట్లో బాగానే ఉన్నాది" అన్నారు. అత్తయ్య బతిమాలింది, మా ఆయన ఫోన్లో కేకలేశారు. లాభం లేకపోయింది. ఆ మర్నాటికి కాళ్లు వాచి, ఊపిరి ఆడక కూర్చోలేకపోయారు. అప్పుడు తీసుకువెళ్లాను. మలుపు వచ్చినప్పుడల్లా నడక కన్నా నెమ్మదిగా తోలాను. ఆయన డయాలసిస్‌కి భయపడలేదని నాకు తెలుసు. కోడలి ఎదట మళ్లీ అలా పడిపోవడానికి భయపడ్డారు. కారు ఒరక్కుండా చేస్తే ఆయన మానకుండా వస్తారనుకున్నాను.

టెక్కలిలో మా తమ్ముడి స్నేహితుడొకడు కార్ల షెడ్డు నడుపుతాడు. కుర్రాళ్ల కార్లకు సోకులు చేయడంలో అతనికి పేరు. విషయం చెబితే విని, తన కారు ఎక్కించి తిప్పి చూపించాడు. మలుపులో రోడ్డుకి అంటించినట్టు వెళ్లింది.

"పొట్టి స్ప్రింగులేద్దాం అక్కా. బండి కిందకి దిగుద్ది, గట్టిగుంటాది. ఇంక ఒరగడమన్న మాటే నేదు."

"మా రోడ్లకి తగలదు కదేటి?"

"నెమ్మదిగా తోల్తే తగల్దు."

వేయించాను. షెడ్డు నుంచి హైవే ఎక్కి పలాస వైపు ఒక్కదాన్నే వస్తుంటే ఎంత బాగుందో చెప్పలేను. స్టీరింగ్ కొంచెం తిప్పితే చాలు, కారు మాట వింటోంది. ఊగడం లేదు, తూలడం లేదు. కావాలని వేగం పెంచి ఒక వంపు తిరిగాను. నాలో నేను నవ్వుకున్నాను కూడా. కారు ఎవరి కోసం బాగు చేయించానో కాసేపు మరిచిపోయాను.

మరుసటి ప్రయాణంలో కాశీబుగ్గ మలుపు దగ్గర అద్దంలో చూశాను. మావయ్య కదలలేదు. చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి.

"ఈపాలి ఒరగనేదు" అన్నారు. తనంతట తానుగా అన్న మాట అది. నాకు పట్టరాని సంతోషమేసింది.

ఆ సంతోషం మా ఊరి మొదలు దాకానే. గతుకుల్లో ప్రతి దెబ్బా నేరుగా ఆయన నడుముకి తగులుతోందని మధ్యలోనే గమనించాను. పళ్లు బిగించి కూర్చున్నారు. ఊరి మొదట్లో బడి దగ్గర ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. సర్పంచిగా ఉన్న రోజుల్లో మావయ్యే వేయించినది. ఒక బడిపిల్లని ట్రాక్టరు గుద్దబోయి తప్పిందని, "ఎవడైనా ఆగి తీరాలి" అని దగ్గరుండి ఎత్తుగా పోయించారట. ముందు చక్రాలు దాటాయి. ఆ వెంటనే కింద పరపరమని చప్పుడైంది. కారు పొట్ట దాని మీద కూర్చుండిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు.

ఎదురుగా టీ బడ్డీ. అక్కడున్నవాళ్లందరూ లేచి వచ్చారు. ఒకతను వంగి చూసి చెప్పాడు.

"బరువు తగ్గితే లెగుస్తాది. పెసిడెంటుగోరిని దింపాల."

ఇప్పటికీ ఊళ్లో ఆయన్ని అలాగే పిలుస్తారు. నేను ఏమీ అనకముందే వెనక తలుపు తెరుచుకుంది. మావయ్య దిగారు. చేతికి సూదులు తీసిన చోట కట్టు ఉంది. పంచె ఒక చేత్తో పట్టుకుని, తాను వేయించిన ఆ దిమ్మను అడుగులో అడుగు వేసుకుంటూ దాటారు. ఒకప్పుడు ఆయన వస్తే బీడీ దాచేసే మనుషులే అక్కడ నిలబడ్డారు. ఎటు చూడాలో వాళ్లకీ తెలియలేదు. నలుగురూ కలిసి కారు ఎత్తి జరిపారు. ఎవరో వెనక నుంచి మెల్లగా అన్నారు.

"కోడలు కుర్రోళ్ల బండి సేయించినాది."

ఒకరిద్దరు నవ్వారు. నేను స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ముందు అద్దంలోంచి రోడ్డునే చూస్తున్నాను. చెవులు కాలిపోతున్నాయి.

అప్పుడు మావయ్య గొంతు వినిపించింది. "నానే సేయించమన్నాను. ఒరిగిపోతంది, కూకోనేకపోతన్నానని. నాకు తెలక సెప్పినాను."

ఆయన నన్ను ఏమీ చేయించమనలేదు. స్ప్రింగులంటే ఏమిటో కూడా ఆయనకు తెలియదు. కూర్చోలేకపోతున్నానని అంతమంది మధ్య ఒప్పుకోవడం ఆ మనిషికి ఎంత కష్టమో నాకు తెలుసు. నా మీద నవ్వు పడకుండా దాన్ని తన మీద వేసుకున్నారు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

ఆ తర్వాత ఆయనకది అలవాటైపోయింది. ఎత్తైన స్పీడ్ బ్రేకర్ కనబడితే, నేను బ్రేకు వేయగానే తలుపు తీసి దిగేవారు. దాటి నిలబడేవారు. నేను కారును ఏటవాలుగా తిప్పుతూ ఎక్కించి దించాక మళ్లీ కూర్చునేవారు. "పరవానేదమ్మా, కాళ్లు సాగుతాయి" అనేవారు. ఎండలో రోడ్డు పక్కన నిలబడి నా కోసం చూసే ఆయన్ని చూస్తే కారు అక్కడే వదిలేసి పారిపోవాలనిపించేది.

మా ఆయన ఫోన్లో, "నీకెందుకివన్నీ? ఉన్నది ఉన్నట్టు ఒగ్గేయొచ్చు కదా" అన్నారు. నిజమే అనిపించింది. కానీ పాత స్ప్రింగులు వేస్తే మళ్లీ ఆ ఒరగడం, ఆ పడిపోవడం. టెక్కలి వెళ్లి షెడ్డు అతనితో జరిగిందంతా చెప్పాను.

"నాను కుర్రోళ్ల లెక్కలో ఆలోసించీసినాను అక్కా" అన్నాడు.

"నువ్వు ఎనకాల కూకో. ఎడం సెయ్యి ఒళ్లో పెట్టుకో. పిడి ముట్టుకోకూడదు. నాను తోల్తాను" అన్నాను.

నవ్వుతూ ఎక్కాడు. మా ఊరి రోడ్డు లాంటి రోడ్డొకటి చూసి తిప్పాను. దిగేసరికి నవ్వు లేదు. నడుము పట్టుకుని, "ఎలా కూకుంటన్నాడక్కా ఆ ముసలాయన?" అన్నాడు.

ఇక ఇద్దరం కలిసి ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చాం. కారును మళ్లీ పాత ఎత్తుకే లేపి, కంపెనీ స్ప్రింగులే వేశాం. ఊగడం ఆగడానికి కొత్త షాకబ్జర్లు వేశాం. అరిగిపోయిన రబ్బరు బుష్షులు తీసి కొత్తవి వేశాం. రెండు పక్కల చక్రాలనీ కలిపి కారు ఒక పక్కకి ఒరగకుండా పట్టే అడ్డకడ్డీ ఒకటి ఉంటుంది, దాన్ని వెనక వైపు బిగించాం. అది పడ్డాక ఒరగడం బాగా తగ్గింది. ఏది మార్చినా అతను వెనక సీట్లో ఒళ్లో చెయ్యి పెట్టుకుని కూర్చోవాల్సిందే. ఒకసారి కడ్డీ తప్పుగా బిగించి, గతుకుల్లో టకటకమంటుంటే విప్పి మళ్లీ బిగించాడు. కొన్ని వారాలు పట్టింది. ఆ వారాలన్నీ మావయ్య ఏమీ అడగకుండా, ఆ కారు ఆ రోజు ఎలా ఉంటే అలా ఎక్కి కూర్చున్నారు.

చివరికి కుదిరింది. పొట్టి స్ప్రింగుల నాటి చురుకు లేదు. కానీ మలుపులో కారు కాస్త వంగి అక్కడే ఆగుతుంది, ఊగదు. స్పీడ్ బ్రేకర్లు మనిషిని దింపకుండానే దాటుతుంది. డయాలసిస్ అయ్యాక మావయ్య వెనక సీట్లో నిద్రపోవడం మొదలుపెట్టారు. ఒక్కసారి కూడా మానలేదు. ఇక నాకు సిగ్గుపడాల్సిన పని లేదనుకున్నాను. ఆటోలను దాటుకుంటూ, ఆ మలుపు ఎంత నున్నగా తిరుగుతున్నానో చూసుకుని మురిసిపోతూ వస్తుండేదాన్ని.

మొన్నీమధ్య తిరుగు ప్రయాణంలో మావయ్య నిద్రపోలేదు. ముందు వెళ్తున్న ఆటోని దాటబోతుంటే, "అమ్మా, ఒకమాట సెప్తాను, ఏటనుకోవద్దు" అన్నారు.

"సెప్పండి మావయ్యా."

"ఆ ఆటోలో మన కిందవీధి ఆవిడుంది. నా పక్క మంచమే. నా రోజులే ఆవిడ రోజులూను. ఇంటికెల్లీసరికి రెండుమాట్లు కక్కుతాదట. మనతో ఎక్కించుకుందావా అని నిన్ను అడుగుదావనుకుంటాను. కారు నీది. నువ్వు పడ్డ సెమ నాకు తెలుసు. అడగడానికి సిగ్గేసి ఊరుకున్నాను."

నేను ఎన్నిసార్లు ఆ ఆటోని దాటి వచ్చానో! హాస్పిటల్ మెట్ల దగ్గర ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉండడం ఎన్నోసార్లు చూశాను. పలకరించాను కూడా. మా కారులో సీట్లు ఖాళీగా ఉన్నాయని ఒక్కరోజూ తోచలేదు.

ఆటో ముందు ఆపి, దిగి వెళ్లాను. ఆవిడ మొదట ఒప్పుకోలేదు. "వొద్దమ్మా, కారు పాడైపోద్ది. నాకు డోకులొస్తాయి" అంది. చెయ్యి పట్టుకుని తీసుకువచ్చాను. మావయ్య పక్కకి జరిగి చోటిచ్చారు. ఆవిడ సీటు అంచున, ఏదీ ముట్టుకోకుండా కూర్చుంది.

ఇంకో మనిషి ఎక్కాక కారు వెనక భాగం కొంచెం దిగింది. మలుపులో మళ్లీ కాస్త ఒరిగినట్టనిపించి వేగం తగ్గించాను. కిందవీధిలో ఇల్లు వచ్చేదాకా ఆవిడ బాగానే ఉంది. దిగి నా కిటికీ దగ్గర నిలబడింది.

"నా కోసమని ఇంత మెల్లగా వొచ్చినావు, నీకు ఆలీసమైపోనాది తల్లీ" అంది.

ఇన్నాళ్లూ ఆవిడ ఆటోని దాటేసి వెళ్లిపోయింది నేనైతే, నాకు ఆలస్యం చేశానని ఆవిడ నొచ్చుకుంటోంది. ఎల్లుండి వాళ్ల గేటు దగ్గరే ఉండమని, వచ్చి ఎక్కించుకుంటానని అన్నాను. మావయ్య ఆవిడతో ఈ ఏడు జీడిపూత సంగతి మాట్లాడుతూ ఉండిపోయారు. నేను ఇంజను ఆపి, ఆ మాటలు అయ్యేదాకా తల దించుకుని కూర్చున్నాను.