దిష్టిబొమ్మ మొహం ఎటు?

మా పక్కింటి ఆంటీ పోయారు. ఆ కబురు నాకు చెప్పింది మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే నల్గొండ అమ్మాయి. "ఓనరాంటీ, మన ఆంటీ పోయింది," అని ఫోన్లో ఏడ్చింది. హాస్పిటల్లో చివరిదాకా పక్కనున్నది ఆ పిల్లేనట. నాకు దుఃఖం వచ్చింది. దాని వెనకే కాస్త కుళ్ళూ వచ్చింది. ఇల్లు అద్దెకిచ్చిన నేను ఓనరాంటీని, గోడ అవతల ఉన్నావిడ ఉత్త ఆంటీ, పైగా "మన" ఆంటీ. పోయినావిడ మీద కుళ్ళేమిటని మీరనుకోవచ్చు. ఇన్నేళ్ళ అలవాటు అంత తొందరగా పోదు.

కెనడాలోని హాలిఫాక్స్‌లో మాది ఒకే గోడకి అటూ ఇటూ కట్టిన జంట ఇల్లు. పోర్చ్ ఒకటే, మధ్యలో చెక్క రెయిలింగ్. ఆవిడది గుంటూరు వైపు. ఇక్కడ ముసలివాళ్ళ హోమ్‌లో పనిచేసి రిటైరయ్యారు. భర్త లేరు, పిల్లలు పుట్టలేదు. బస్సెక్కితే చాలు తెలుగు వినిపించేంతగా స్టూడెంట్లు దిగుతున్న రోజులవి. నా బేస్‌మెంట్ కూడా నిండింది. ఆ పిల్లలు పడుకునేది నా ఇంట్లో, తిరిగేది ఆవిడ వంటింట్లో.

ఆ ఏడు హాలోవీన్‌కి నేను షాపులో కొన్న ప్లాస్టిక్ అస్థిపంజరాన్నీ, ఊదారంగు లైట్లనూ నా వైపు పెట్టాను. ఆంటీ ఏమీ కొనలేదు. పిల్లలు అన్నం మాడ్చి గిన్నె పాడుచేశారని నేను కేకలేస్తుంటే, రెయిలింగ్ మీదుగా చెయ్యి చాపారు.

"ఆ గిన్నె ఇటివ్వవే. తలకాయకి బాగుంటది."

భర్త పాత చొక్కా, ప్యాంటులో పెరట్లో ఊడ్చిన మేపుల్ ఆకులు కుక్కారు. మాడిన గిన్నెను తలగా పెట్టి, సున్నం దొరక్క టూత్‌పేస్ట్‌తో కళ్ళూ బొట్లూ పెట్టారు. మన ఊళ్ళలో కొత్తగా కట్టే ఇళ్ళ ముందు నిలబెట్టే దిష్టిబొమ్మ, అచ్చంగా అదే. గుమ్మడికాయని ఇక్కడందరిలా కళ్ళూ నోరూ వచ్చేలా కోయలేదు. బొగ్గుతో మెలితిప్పిన మీసాలు, కోరలు గీశారు. "కోస్తే కుళ్ళిపోద్ది. గీస్తే రేపు కడిగి పులుసు పెట్టుకోవచ్చు," అన్నారు. కోడిగుడ్ల అట్టలు కత్తిరించి పిల్లలు గబ్బిలాలు చేశారు.

ఆంటీ వెళ్ళే చర్చిలో ఒకావిడ "ఈ దయ్యాల పండగ మనకెందుకండీ" అని అడిగారట. "ఇందులో దయ్యం ఎక్కడుందమ్మా? పిల్లలు తలుపు కొడతారు, చాక్లెట్లు పెడతాం," అన్నారట ఈవిడ.

ఆ సాయంత్రం వీధిలో పిల్లలందరూ ఆవిడ మెట్ల మీదే. నా అస్థిపంజరం మొహం చూసినవాళ్ళు లేరు. నా కూతురు కూడా మా చాక్లెట్ల గిన్నె పట్టుకుని అటే వెళ్ళి నిలబడింది. "మామ్, హర్స్ ఈజ్ వే బెటర్," అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

దానికి తోడు ఆ బొమ్మని రెయిలింగ్‌కి కట్టిన తీరొకటి. మొహం ఆవిడ తలుపు వైపు, వీపు నా వైపు. నేను తలుపు తీస్తే ఎదురయ్యేది ఆకులు కుక్కిన ప్యాంటు వెనకభాగం. ఎవరూ చూడకుండా దాన్ని నా వైపు తిప్పాను. తెల్లారేసరికి మళ్ళీ వీపే. ఏటా ఇదే వరస. నేను తిప్పడం, ఆవిడ తిప్పడం. కిందటి ఏడు ఉండబట్టలేక అడిగేశాను.

"మొహం మీకూ, వీపు నాకూనా ఆంటీ?"

ఆవిడ నవ్వారు. "దిష్టిబొమ్మ మొహం ఎటుండాలే? కళ్ళు ఎటునుంచి పడతయ్యో అటుండాలి. నీ ఇంటి నిండా పిల్లలు. వాళ్ళు కింద నవ్వుతా ఉంటే గోడలోంచి నాకు వినపడద్ది. నీ ఇంటి మీద అందరికంటే నా కళ్ళే ఎక్కువ పడతన్నయ్. అందుకే నా వైపు తిప్పుకున్నా."

నన్ను చూసి కుళ్ళుకునే మనిషి కూడా ఉందని తెలిసి, లోపల కాస్త గర్వపడ్డాను. ఆవిడ మాత్రం గబ్బిలాలకి దారం కట్టుకుంటూ కూర్చున్నారు.

ఈ అక్టోబర్‌లో ఆవిడ మూసిన తలుపు ముందు మెట్ల నిండా గుమ్మడికాయలు. ఎక్కడెక్కడి స్టూడెంట్లో వచ్చి, బొగ్గుతో మీసాలు గీసి పెట్టి వెళుతున్నారు. నా మెట్ల మీద ఒక్కటి లేదు. బొమ్మని ఈసారి నేనే ఆకులు కుక్కి రెయిలింగ్‌కి కట్టాను.

నల్గొండ అమ్మాయి చూసి, "ఓనరాంటీ, ఉల్టా కట్టిన్రు," అంది.

"లేదు, ఇటే ఉండాలి," అన్నాను.

ఇప్పుడు నేను తలుపు తీసినప్పుడల్లా అది టూత్‌పేస్ట్ కళ్ళతో నన్నే చూస్తోంది.