అవ్వ నవ్వుకు టిచ్ బటన్లు

మా చిన్నప్పుడు... మందమర్రి క్వార్టర్స్‌లో మా అవ్వ నవ్విందంటే వెనక లైను వాళ్లకు కూడా వినబడేది. అవ్వంటే మా అమ్మే... మా దిక్కు అట్లాగే పిలుస్తాం.

అలాంటి అవ్వ ఒక వానాకాలం నల్లా దగ్గర పాచి మీద జారిపడి, పై వరుసలో మూడు ముందు పళ్లు పోగొట్టుకుంది. తీసి పెట్టుకునే పళ్ల సెట్టు చేయించారు. అది ఊడిపోకుండా పక్క పళ్లను పట్టుకోవడానికి రెండు సన్నని తీగ కొక్కేలు ఉండేవి. కొన్నాళ్లకు అవి వదులయ్యాయి... ఒకరోజు నల్లా దగ్గర పకపకా నవ్వుతుంటే సెట్టు జారి బిందెలో పడింది! ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు.

అప్పటినుంచి అవ్వ నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుని మూతి బిగించేది. మా ఇల్లు బోసిపోయింది.

బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయిలో... అదే గనిలో... ఫిట్టర్. వదులుగా ఉన్నదేదైనా కంటపడితే బిగించందే నిద్రపోడు.

“లూజైతె టైట్ చెయ్యాలె, గంతే... గింత దానికి డాక్టర్ ఎందుకు?” అని కటింగ్ ప్లేయర్‌తో కొక్కేలు వంచేశాడు.

సెట్టు పట్టింది... ఎంతగా పట్టిందంటే మళ్లీ ఊడి రాలేదు! అవ్వ లాగగా లాగగా ఒక కొక్కెం పుటుక్కున విరిగి సెట్టు చేతికొచ్చింది.

“నా నోరు బోల్టనుకున్నవా?” అని రెండు రోజులు బాపుతో మాట్లాడలేదు.

ముగ్గురం కరీంనగర్ వెళ్లాం. డాక్టరు విరిగిన కొక్కెం చూసి “గిదెవలు చేసిండ్రు?” అన్నాడు. బాపు పైనున్న ఫ్యాను వంక చూశాడు.

“పట్టుడే కాదన్నా, ఇడువాలె గూడ. రోజూ తీసి కడుక్కునేది గద!”

కొన్ని వారాలు తిప్పించుకుని ఆయన కొత్త సెట్టు చేశాడు. అవ్వ పక్క పళ్లకు తొడుగులు, వాటికి బుడిపెలు... సెట్టు లోపల వాటికి సరిపోయే గుంటలు. నొక్కితే టక్కున పట్టుకుంటుంది, అచ్చం జాకెట్టు టిచ్ బటన్ లాగా. బాపు దాన్ని తిప్పి తిప్పి చూసి “అబ్బ, ఏం పనితనం!” అని మురిసిపోయాడు.

“ఇగ నవ్వక్కా,” అన్నాడు డాక్టరు.

అవ్వ కొంగు వదల్లేదు. చెబితే వస్తుందా నవ్వు! ఇక ఎప్పటికీ నవ్వదేమోనని నాకు ఏడుపొచ్చింది.

డాక్టరు బాపు వైపు తిరిగాడు. “నీ పండ్లు గూడ జర చూపియ్యన్నా, కూసో.”

రోజూ బాయిలోకి దిగే మనిషి... చెప్పులైనా వేసుకోకుండా బయటికి ఉరికాడు!

అవ్వ నవ్వింది. కడుపు పట్టుకుని, కొంగు సంగతే మరిచిపోయి నవ్వింది. సెట్టు ఇసుమంతైనా కదల్లేదు. నేను ఆ కుర్చీ చుట్టూ గంతులేశాను. ఆ సాయంత్రం లైనులో వాళ్లంతా మా ఇంటికొచ్చి ఆ సెట్టు చూసి, బాపు ఉరికిన కథ విని మళ్లీ నవ్వారు.

నిరుడు నాకూ ఒక పన్ను పోయింది. ఇప్పుడు ఎముకలోకే స్క్రూ దింపి బిగించేశారు... తీసేది లేదు, జారేది లేదు. హాయిగా ఉంది. కానీ ఆ సంగతి పక్క ఫ్లాటు వాళ్లకు కాదు కదా, మా పిల్లలకే తెలియదు.

మీ ఇళ్లలోనూ ఇలాంటి పళ్ల సెట్టు కథ ఉండే ఉంటుంది... రాయండి. చదివి గట్టిగా నవ్వుతాను... వినడానికి పక్కన ఎవరూ లేకపోయినా.