అరుగు మీది పుష్పావతి

పుష్పావతి కె.జి.ఎఫ్. బంగారు గనుల కూలీల ఇళ్ళ లైన్లలో పుట్టింది. నాయన గనిలోకి దిగి దిగి ఊపిరితిత్తులు చెడి మంచాన పడినప్పుడు, ఒక సోషల్ వర్కరమ్మ వచ్చి అమ్మ పక్కనే చాప మీద కూర్చుని ధైర్యం చెప్పేది. తానూ అలాంటి మనిషి కావాలని పుష్పావతి పట్టుబట్టి చదివింది. బంగారుపేటలో ఒక సేవా సంస్థలో చేరింది.

క్యాసంబళ్ళి దగ్గరి పల్లెలో గౌరమ్మ బాగోగులు చూడటం ఆమె పని. మగడు పురుగుమందు తాగి చనిపోయాక గౌరమ్మ తిండి, మాట రెండూ మానేసింది. పుష్పావతి వారం వారం వెళ్ళి అరుగు మీద కూర్చునేది. పోను పోను గౌరమ్మ నోరు విప్పింది, కరువుతీరా ఏడ్చింది. మూలపడిన పట్టుపురుగుల తట్టలు మళ్ళీ దించింది. లోపలికి రమ్మని మాత్రం ఎన్నడూ అనలేదు. మొదటి రోజే గౌరమ్మ బావ నంజుండప్ప పుష్పావతిని కులం అడిగాడు. దళితులమని పుష్పావతి దాచకుండా చెప్పింది. లోపల సంగటి కెలుకుతున్న వాసన వస్తే, ఆ పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చోవాలని ఆమె ప్రాణం కొట్టుకునేది. అది ఆకలి కాదు.

ఒకసారి తోటి ఉద్యోగి దీపశ్రీ కూడా పుష్పావతి వెంట వచ్చింది. దీపశ్రీది పై కులం. ఆమెను నేరుగా వంటింట్లోకి తీసుకుపోయారు. పుష్పావతి బయట కూర్చుని లోపలి నవ్వులు విన్నది.

ఆ తర్వాత ఆఫీసు పెద్ద గిరీశ్ పిలిచాడు. "బేజారు చేసుకోవద్దు పుష్పా. ఇంగ ఆ ఇల్లు దీపశ్రీ చూసుకుంటాది. ఆమైతే లోపలికి పోయి మాట్లాడొచ్చు కదా."

"బయట కూర్చోబెట్టింది వాళ్ళు సార్. మార్చేది నన్నా?"



ఇక తాను రానని చెప్పడానికి పుష్పావతి వెళితే గౌరమ్మ బెంబేలు పడింది. "నువ్వు రాకపోతే నా గోడు ఎవురితో చెప్పుకునేది పాపా?"

"అక్కా, ఒక్కసారి లోపలికి రమ్మని పిలుస్తావా?"

గౌరమ్మ పెదాలు కదిలాయి. లోపల నంజుండప్ప దగ్గాడు. ఆమె తల దించుకుంది.

కానీ మరుసటి వారం గౌరమ్మ ఒంటరిగా బస్సెక్కి ఆఫీసుకు వచ్చింది. "ఆ పాపే రావాల. లేకుంటే ఎవురూ రావద్దు" అని గిరీశ్‌కు తెగేసి చెప్పింది. ఆయన సరేనన్నాడు.

బస్టాండులో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. గౌరమ్మ బన్ను కొని, తుంచి, సగం పుష్పావతి నోటికి అందించింది.

"తినమ్మా. ఈడ మావోళ్ళు ఎవురూ లేరులే."

ఎంత ప్రేమగా అన్నదో! పుష్పావతి నమిలింది, మింగలేకపోయింది. అయినా బస్సు వచ్చేదాకా తాను గౌరమ్మ చెయ్యి వదల్లేదు.