చక్రాల కుర్చీలో గుమ్మడి వడియాలు

మెట్టుగూడలో మేముండే వీధికి ఉమ్మడి ఆస్తులు ఐదు. నిచ్చెన, గడ్డపార, ఫంక్షన్లకు సాంబారు కాచే గంగాళం, టార్పాలిన్, ఒక చక్రాల కుర్చీ. ముప్పై ఇళ్లవాళ్లం వీటిని పంచుకుంటాం. ఏటా పంద్రాగస్టు నాడు జెండా ఎగరేశాక మా ప్రెసిడెంటు గారు ఈ ఐదింటి పేర్లూ వరసగా చదివి, దేశమంతా మన వీధిలా ఉంటే ఎంత బాగుండేదో అని కళ్లు మూసుకుంటారు. ఆయన మళ్లీ కళ్లు తెరిచేదాకా ఎవరికీ మిఠాయి అందదు.

ఆ పంచుకోవడం ఎలా ఉంటుందో నేను చెబుతాను. నిచ్చెన ఎప్పుడూ ఊళ్లో లేనివాళ్ల ఇంట్లోనే ఉంటుంది. గంగాళం ఎవరింటికి వెళ్లినా ముందింటి సాంబారు వాసనను వెంటబెట్టుకుని వెళుతుంది. టార్పాలిన్ వాన వెలిశాక దొరుకుతుంది. గడ్డపార మాట ఎవరూ ఎత్తరు, ఎందుకంటే చివరగా తీసుకెళ్లింది ప్రెసిడెంటు గారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మా అమ్మ అంటుండేది. మా వీధిలో గొర్రెలు చావవు, ఎవరో ఒకరి పెరట్లో కట్టేసి ఉంటాయి.

చక్రాల కుర్చీ కథ వేరు. వీధి చివరింటి పెద్దాయన పోయినప్పుడు ఆయన కొడుకులకు ఆ కుర్చీని ఏం చేయాలో తోచలేదు. అమ్మితే నాన్నను అమ్ముకున్నట్టు ఉంటుంది, ఉంచుకుంటే రోజూ కళ్లబడుతుంది. పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక వీధికి ఇచ్చేశారు. ప్రెసిడెంటు గారు అప్పటికప్పుడే రూలు పెట్టారు. కుర్చీకి ప్రత్యేకంగా చోటు ఉండదు, చివరగా వాడినవాళ్ల ఇంట్లోనే ఉంటుంది, ఇంకొకరికి అవసరం పడితే వచ్చి తీసుకెళతారు. వినడానికి బాగానే ఉంది.

దానికి రెండో రూలు ఆడవాళ్లు కలిపారు. ఇంట్లో చక్రాల కుర్చీ ఖాళీగా ఉండకూడదట, ఉంటే కూర్చునేవాళ్లను అదే వెతుక్కుంటుందట. అందుకని వాడకం అయిపోగానే అందరూ దానిమీద ఏదో ఒకటి పెట్టడం మొదలుపెట్టారు. ఒకరింట్లో బియ్యం బస్తా, ఒకరింట్లో పాత పేపర్లు, ఇంకొకరింట్లో తులసి కుండీ. కాలు విరిగినవాళ్లు వచ్చి అడిగితే, "అయ్యో, దానిమీద బస్తా ఉందండీ" అనే మాట నేనే చెవులారా విన్నాను. మాది తెనాలి వైపు. ఇక్కడికొచ్చి ముప్పై అయిదేళ్లయినా ఈ వీధి తెలివికి నేను అలవాటు పడలేదనే అనుకునేవాణ్ని.

క్రితం సంక్రాంతి వెళ్లాక మా ఆవిడకు మడమ దగ్గర ఎముక చిట్లింది. కుర్చీ మా ఇంటికొచ్చింది. మూడు వారాలకు ఆవిడ లేచి తిరిగింది, కుర్చీ మాత్రం ఉండిపోయింది. ఆవిడ దాని చేతుల మీద అడ్డంగా ఒక చెక్క పలక వేసి, పలక మీద నా పాత పంచె పరిచి, బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టింది. మా ఇంటికి పొద్దున ముందు వరండాలో ఎండ, మధ్యాహ్నం పక్క సందులో, మూడింటికి వెనక పెరట్లో. గంటకోసారి కుర్చీని ఎండ వెంబడి తోయడం నా పని. రిటైరయ్యాక నాకు దొరికిన మొదటి బాధ్యత, శ్రద్ధగా చేశాను.

మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి ఉంది. బండి అనడమే గానీ అది కదలగా మేమెవరం చూడలేదు. చక్రాల కింద ఇటుకలు పెట్టి, పైన ప్లాస్టిక్ షీటు కట్టి, ఒకావిడ ఇరవై ఏళ్లుగా మా వీధి బట్టలన్నీ అక్కడే ఇస్త్రీ చేస్తోంది. ఆవిడ భర్త ఇళ్లకు రంగులు వేసేవాడు. ఒక ఏడాది క్రితం మూడో అంతస్తు నుంచి పడ్డాడు. నడుము కింద నుంచి చచ్చుబడింది. వీధి పక్క గుడిసెలాంటి గదిలో మంచం మీదే ఉంటాడు.

ఒకరోజు మూడున్నరకు ఆవిడ మా గేటు దగ్గరికొచ్చింది. నేను అప్పుడే కుర్చీని పెరట్లోకి తోసి, చేతులు దులుపుకుంటూ వచ్చాను.

"సార్, రేపు మెయిన్ రోడ్డు మీద కమ్యూనిటీ హాల్ల వికలాంగుల సర్టిఫికెట్ క్యాంపున్నదంట. మనిషిని తీస్కొస్తెనే రాస్తరంట. సర్టిఫికెట్ ఉంటెనే పింఛను. మల్ల క్యాంపు ఎప్పుడు పెడ్తరో తెల్వదంటున్రు. ఆటోల ఏస్కపోయినా లోపల గంటలు గంటలు లైన్ల ఉండాలె. ఆయన ఎట్ల కూసుంటడు? వీధి కుర్చీ జెర ఒక్క పూట ఇప్పిస్తరా సార్?"

వినగానే నాలో వీధి లేచి నిలబడింది. మొదటి ఆలోచన, ఈవిడ మా వీధి మనిషేనా అని. ఇల్లు లేదు, నెలచందా లేదు, బండి మాత్రం ఉంది. రెండో ఆలోచన, పంచె మీద నూట ఇరవై వడియాలున్నాయి, ఇంకా ఒక ఎండ తగలాలి. ఈ రెండిట్లో ఏది చెప్పినా సిగ్గుచేటే. అందుకని మూడోది చెప్పాను.

"కుర్చీ మా దగ్గర లేదమ్మా. ప్రెసిడెంటు గారింట్లో ఉంది. పాపం ఆయనకు మోకాళ్లు పట్టేశాయి, దాంట్లోనే తిరుగుతున్నారు."

ఆవిడ నా మొహం ఒక్క క్షణం చూసింది. "అట్లనా సార్. సరే" అని వెళ్లిపోయింది.

వంటింటి కిటికీ దగ్గర నుంచి మా ఆవిడ అంతా విన్నది. "ఎందుకండీ ఆ అబద్ధం? అడిగితే ఇచ్చేద్దుంగా! వడియాలు నవారు మంచం మీద పోసుకునేదాన్ని" అంది. అంత సులువైన సంగతి నాకు తట్టలేదు. అబద్ధం ఆడినా దానికో అవసరం ఉండాలి, నాది ఉత్త పుణ్యానికి ఆడిన అబద్ధం. "పొద్దున్నే నేనే తీసుకెళ్లి ఇస్తాలే, ప్రెసిడెంటు గారు పంపారని చెబుతా" అన్నాను. మళ్లీ అబద్ధమే. ఒకటి ఆడితే రెండోది దాని పక్కనే కాపురం పెడుతుంది.

నా దృష్టిలో పొద్దున్నే అంటే టిఫినయ్యాక. ఏడు గంటలకు పళ్లు తోముకుంటుంటే వీధిలో కిర్రుమని చప్పుడు వినబడింది. బ్రష్షు నోట్లో పెట్టుకునే గేటు దగ్గరికి వెళ్లాను. ఇస్త్రీ బండి నడుస్తోంది. ఇటుకలు తీసేసి, చక్రాలకు గాలి కొట్టించి, పైన షీటు ఊడదీశారు. ఇస్త్రీ పెట్టె ఉండాల్సిన చోట బొంత పరిచి ఉంది. దానిమీద ఆయన, గుంజకు వీపు ఆనించి, దుప్పటితో నడుము కట్టేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో ఎక్స్‌రే కవరు. కాళ్ల పక్కన ముప్పై ఇళ్ల బట్టల మూటలు. ఆవిడ ముందు నుంచి లాగుతోంది, పంక్చరు షాపతను వెనక నుంచి తోస్తున్నాడు.

మా గేటు ముందు ఆపింది. "సార్, బండి పోతున్నది గదా, బట్టలు పెట్టెతందుకు జాగ లేదు. కింద పెడితె ఖరాబైతయి. సాయంత్రం దాంక మీ వరండల పెట్టుకోరాదు సార్? ఇయ్యాల లేటైతది, ఏమనుకోకున్రి."

నా చొక్కాల గురించి నన్ను క్షమించమని అడుగుతోంది. నోట్లో నురగ ఉండబట్టి సరిపోయింది, లేకపోతే దానికి కూడా ఏదో ఒక జవాబు చెప్పేవాణ్నే.

ఇంతలో మా ఆవిడ లోపల నుంచి కుర్చీని తోసుకుంటూ వచ్చేసింది. పలక తీసింది గానీ సీటు మీద కారి ఎండిన మినప్పిండి అట్టలు కట్టి ఉంది. చక్రాల కుర్చీని చూసి బండి మీదాయన గాభరాగా చేతులు ఊపాడు.

"ఏందమ్మా ఇది! పెద్ద సారు కాడికెళ్లి గుంజుకొచ్చిన్రా? వద్దొద్దు. ఆయనకు మోకాళ్లు పట్టేసినయంట గదా, మా ఆడామె చెప్పింది. ముసలాయన, తక్లీఫ్ పడ్తడు. నాకు బండి ఉన్నది. ఆయనకే ఇచ్చెయ్యిన్రి."

సిగ్గుతో చచ్చిపోయాను. ప్రెసిడెంటు గారి మోకాళ్లు నిక్షేపంగా ఉన్నాయి, ఆ టైముకు ఆయన మెట్టుగూడ మొత్తం ఒక చుట్టు నడిచి వచ్చి పాలప్యాకెట్టు పట్టుకుని దూరంగా వస్తూనే ఉన్నారు. ఏడాదిగా మంచం దిగని మనిషి, నేను పుట్టించిన మోకాళ్ల నొప్పి మీద జాలిపడి, తన అవసరాన్ని వదులుకుంటున్నాడు.

నురగ ఊసి నిజం చెప్పేశాను. "ఆయనకేం కాలేదయ్యా. కుర్చీ నా దగ్గరే ఉంది. వడియాలు ఎండబెట్టుకుంటూ లేదని చెప్పాను. తప్పు నాది."

ఆయన నావంక చూశాడు, సీటు మీద పిండివంక చూశాడు. "వడియాలు మంచిగెండినయా సార్?" అన్నాడు. వెక్కిరించాడో, నిజంగానే అడిగాడో నాకిప్పటికీ తెలియదు. మా ఆవిడ కొంగుతో సీటు తుడిచింది. పంక్చరతను, నేను చెరో రెక్కా పట్టి ఆయన్ను బండి నుంచి కుర్చీలోకి దించాం. మూటలు, బండి మా గేటు లోపల పెట్టి బయలుదేరాం. లుంగీ మీద ఉన్నవాణ్ని అలాగే తోసుకెళ్లాను. దారిలో ప్రెసిడెంటు గారు ఎదురై, "శభాష్, సహకారమంటే ఇదీ!" అన్నారు. గడ్డపార ఎక్కడుందని అడిగాను. ఆయన ఆగలేదు.

హాల్లో నాలుగు గంటలు లైను. డాక్టరు చూశాడు, నొక్కాడు, రాసుకున్నాడు. సర్టిఫికెట్ వస్తుంది, ఇంటికి కబురు చేస్తాం అని ఒక చీటీ రాసిచ్చారు. ఆ రాతకే ఆయన మొహం వెలిగింది. ఆవిడ మాత్రం చీటీని నాలుగుసార్లు మడిచి జాకెట్టులో దాచుకుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆయన కుర్చీలోనే కునుకు తీశాడు. ఆవిడా నేనూ చెరో పిడీ పట్టుకున్నాం. ఉండబట్టలేక, "నేను అబద్ధమాడానని నీకు నిన్ననే తెలుసా?" అని అడిగాను.

"ఎరికే సార్. అంతకుముందు రోజు బట్టలు ఇచ్చెటందుకు వస్తె వరండల చూసిన గదా. ఎవరింట్ల ఏమున్నదో నాకు ఎర్కలేదా?"

"మరి అక్కడే నిలదీయొచ్చు కదమ్మా. నీ మొగుడి పింఛను పోతుంటే ఊరుకుంటావా?"

ఆవిడ చక్రం గుంతలో పడకుండా కుర్చీని పక్కకు తిప్పింది.

"నిలదీస్తె మీకు మనసుల పడ్తది సార్. మల్ల మీ బట్టలు నాకెయ్యరు. మీరెయ్యకపోతె పక్కింటోళ్లు సుత ఎయ్యరు. పింఛను ఇయ్యాల కాకపోతె ఇంకో క్యాంపుకు వస్తది. మీ వీధి పోతె నేనేం తినాలె?"

ఇరవై ఏళ్లుగా మేమామెకు పని ఇస్తున్నామనుకున్నాం. దాంతోపాటు భయం కూడా ఇస్తున్నామని అప్పుడు నాకు అర్థమైంది. కుర్చీని తోస్తూ నడిచాను. ఆయన నిద్రపోతూనే ఉన్నాడు.