నూటికి అరవై పాళ్ల వాన

జూన్ వచ్చిందంటే నాకు కాలు ఒకచోట నిలవదు. నల్గొండలో బడి తెరుస్తారు, తొమ్మిదో తరగతికి సైన్సు మొదలుపెడతాను, మనసు మాత్రం మక్తల్ దగ్గర మా తమ్ముడి చెలకలోనే ఉంటుంది. పాఠం మధ్యలో ఫోన్ తీసి మబ్బుల బొమ్మ చూస్తాను. కిటికీ దాకా వెళ్తాను, వెనక్కి వస్తాను, మళ్లీ వెళ్తాను. నల్గొండ ఆకాశాన్ని చూసి మక్తల్ వాన తెలియదని పిల్లలకు చెప్పేదాన్నే నేను. అయినా వెళ్లి చూస్తాను.

తమ్ముడిది ఐదెకరాల చెలక. బోరు లేదు, కాలువ రాదు. నాయిన ఉన్నన్నాళ్లూ మిరుగం, అంటే మృగశిర కార్తెలో మన్ను తవ్వి, జానెడు లోతు తడి ఉంటేనే విత్తేవాడు. జొన్న, కంది, పెసర కలిపి వేసేవాడు. ఒకటి పోయినా ఇంకొకటి ఇంటికొచ్చేది. నాయిన పోయాక తమ్ముడు అందరిలాగే పత్తికి మారాడు. పత్తి గింజలు పెట్టాక పది పదిహేను రోజుల్లో ఇంకో వాన పడకపోతే మొలక మాడిపోతుంది. ఆ రెండో వానే ఈమధ్య ఎవరి అంచనాకూ అందడం లేదు. అందుకని వాడు నన్ను అడిగేవాడు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే, అదీ సైన్సు. వాడు అడిగినప్పుడల్లా నాకు లోలోపల గర్వంగా ఉండేది, అబద్ధమెందుకు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఒక జూన్ మొదట్లో బడి తెరవకముందు నేను మా ఊళ్లోనే ఉన్నాను. మంచి వాన ఒకటి పడింది. ఫోన్ చూసి చెప్పాను. "తమ్మీ, వచ్చే వారం నూటికి అరవై పాళ్లు వాన పడొచ్చని చూపిస్తాంది." వాడు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని సరేనన్నాడు.

మర్నాడు ఇద్దరం మక్తల్‌లో విత్తనాల దుకాణానికి వెళ్లాం. నాయిన కాలం నుంచీ మాకు గింజలిచ్చే ముసలాయన దుకాణం అది. ఊళ్లవాళ్లంతా ఆయన్ని చాచా అంటారు. "మూడెకరాలకు ఇయ్యి చాచా" అన్నాడు తమ్ముడు.

"మరి ఇంకో రెండెకరాలు?"

"అక్క నూటికి అరవై పాళ్లే వానున్నదన్నది. అందుకే ఐదింట్ల మూడే ఏస్తున్న."

నాకు నవ్వు ఆగలేదు. అక్కడ పదిమంది ఉన్నారని కూడా చూసుకోలేదు. "ఓరి పిచ్చోడా! వాన నీ గెట్టు చూసుకుంట పడ్తదారా? వస్తే ఐదెకరాల మీద వస్తది, రాకుంటే ఐదింటికీ రాదు!" అన్నాను. దుకాణం ముందున్నవాళ్లంతా నవ్వారు. తమ్ముడు కూడా నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అయినా మూడెకరాలకే కొన్నాడు.

రెండో వాన రాలేదు. మూడెకరాల మొలకా మాడిపోయింది. ఆలస్యంగా పడిన వానకు, ఆపుకున్న రెండెకరాల్లో కంది వేశాడు. ఆ యేడు ఇల్లు గడిచింది ఆ కందితోనే. నేను ఆ సంగతి పట్టించుకోలేదు. ఊరు కూడా పట్టించుకోలేదు. ఊరికి మిగిలింది ఒక్క పేరే, అరవై పాళ్ల పటేలు. "ఏం పటేలా, ఇయ్యాల బువ్వ గూడ అరవై పాళ్లే తిన్నవా?" అని అడిగేవారట. మరదలు ఫోన్లో చెబితే మళ్లీ నవ్వాను.

తరువాతి యేడు వాడు నన్నేమీ అడగలేదు. నేనే ఫోన్ చేసి, ఈసారి ఎనభై చూపిస్తోందని చెప్పాను. ఐదెకరాలూ పెట్టాడు. వాన పక్క ఊరి మీద పడి పోయింది. మా చెలకలో దుమ్ము లేచింది. మళ్లీ గింజలు తెచ్చి పెట్టాడు. మళ్లీ మాడాయి.

"రెండెకరాలన్న ఆపుకోమని మొత్తుకున్న వదినె" అంది మరదలు. "మళ్ల నన్ను నలుగుర్ల నవ్వులపాలు చేస్తవా అన్నడు. ఇగ నేనేమంట?"

ఆ దసరా కాగానే తమ్ముడూ మరదలూ హైదరాబాద్‌లో ఇళ్లు కట్టే పనికి పోయారు. మా పాలమూరు నుంచి వలసపోవడం కొత్తేమీ కాదు. మా ఇంట్లోనుంచి పోవడం మాత్రం నేను చూడటం అదే మొదలు.

ఆ చలికాలం మా టీచర్లకు శిక్షణ పెట్టారు. మారుతున్న వాతావరణం గురించి పిల్లలకు ఎలా చెప్పాలన్నది విషయం. గోడ మీద పెద్ద పటం. పొగ నుంచి వేడికి, వేడి నుంచి సముద్రానికి, అక్కడి నుంచి మబ్బుకు, పంటకు బాణం గుర్తులు. హాలియా నుంచి వచ్చిన సారు, వానను నమ్మి పత్తి వేయడమే తప్పన్నాడు. ఆయన ఊరికి సాగర్ కాలువ ఉంది, ఏమైనా అంటాడు. ఇంకొకరు చెట్లు నరికామన్నారు. ఇంకొకరు పెద్ద దేశాల పొగ అన్నారు. ఎద్దులు పోయాయి, ఎరువు పోయింది, మన్ను తడిని పట్టడం మానేసింది అన్నారొకరు. ఎవరి మాటా అబద్ధం కాదు. ఒకరి మాట ఇంకొకరు వినలేదు. చివర్లో పాఠం చెప్పిన శాస్త్రవేత్త, చిన్న వయసు అమ్మాయి, మామూలుగా అంది. "వాన నమ్మకం లేనిచోట భూమంతా ఒకేసారి విత్తకూడదు. కొంత ఆపుకోవాలి. రైతులకు ఇది నేర్పించాలి."

కుర్చీలో కూర్చోలేకపోయాను. నేర్పించాలట! మా తమ్ముడు ఎవరూ నేర్పకుండానే చేశాడు, నేను నవ్వి మాన్పించాను. వానకు హద్దు లేదని నేను చెప్పింది నిజమే. కానీ వాడు వాన గురించి కాదు, తన గింజల గురించి ఆలోచించాడు. నవ్వు నాలుగు విధాల చేటని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. నాకు సిగ్గేసింది. బయటికొచ్చి ఫోన్ చేశాను. వెనక ఇటుకలు దించుతున్న చప్పుడు వినిపించింది. అన్నం తిన్నవా అని అడిగి పెట్టేశాను.

తరువాతి మిరుగానికి వాళ్లు ఊరికి తిరిగొచ్చారు. ఒకరోజు తమ్ముడే ఫోన్ చేశాడు. "అక్కా, ఎంత చూపిస్తాంది?"

"యాభై."

"మరి ఎంత ఎయ్యమంటవ్?"

కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూ చెప్పాను. "నాకు తెల్వదు తమ్మీ. గా యేడు నువ్వు చేసిందే మంచి పని. నవ్వి నేనే తప్పు చేసిన."

వాడు కోపమేమీ లేకుండానే అన్నాడు. "గా ముచ్చట నా చెవుల చెప్తే ఏమొస్తదక్కా? నవ్వింది దుకాణం ముంగట గదా."

వచ్చిన ఆదివారమే మహబూబ్‌నగర్ వెళ్లి, అక్కడ బస్సు మారి మక్తల్‌లో దిగాను. తమ్ముడికి చెప్పలేదు. దుకాణం ముందు జనం నిండుగా ఉన్నారు. మెట్టెక్కి, నలభైమంది పిల్లల మీద అరిచే గొంతుతో చెప్పాను. "చాచా, జర ఆగు. అందరు వినుండ్రి. మా తమ్ముడు ఐదెకరాలల్ల మూడే ఏస్తనంటే ఈడ నిలబడి నవ్విన. తెలివి ఆయనది, తెల్వనిది నాకు. ఇగ గా పేరుతోని ఆయన్ను ఎవ్వలు పిలవొద్దు."

ఎవరూ నవ్వలేదు. ఒకాయన తువ్వాలు దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. చాచా కళ్లద్దాలు తీసి నా వంక చూశాడు.

"మంచి మాట చెప్పినవ్ బిడ్డా. కానీ నువ్వు నవ్విన కాడికెల్లి నీ తమ్ముడు నా దుకాణానికి వస్తలేడు. నారాయణపేట పోయి తెచ్చుకుంటుండు."

మా ఊరికి మక్తల్ దగ్గర, నారాయణపేట చాలా దూరం. ఈ రెండేళ్లలో వాడికి ఎన్నిసార్లు ఫోన్ చేసి ఉంటానో! వాన ఎంత చూపిస్తోందో చెప్పాను, గింజలు ఎక్కడ తెచ్చుకుంటున్నావని ఒక్కసారీ అడగలేదు.