ఏకాదశి నాడు వచ్చిన షేరూ

పద్మావతమ్మ గారు భోంచేస్తుండగా చూసినవారు మా వీధిలో ఒక్కరూ లేరు. ఆమె ప్రొద్దుటూరికి కాపురానికి వచ్చినప్పుడు కొళాయి దగ్గర బిందెలతో పోట్లాడుకున్న పిల్లలు ఇప్పుడు మనవళ్ళను ఎత్తుకు తిరుగుతున్నారు. అయినా ఆమె నోట్లో ముద్ద పెట్టుకోవడం మాత్రం ఎవరి కంటా పడలేదు. తడిపి ఆరేసిన చీర కట్టుకుని, పూజ ముగించి, స్వామికి నైవేద్యం పెట్టి, వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని తింటారు. పెళ్ళికి పోతే అక్షింతలు వేసి, తాంబూలం పుచ్చుకుని వచ్చేస్తారు. తిరుపతి ప్రయాణంలో కూడా ఇంటినుంచి తీసుకుపోయిన అరటిపండే ఆమెకు గతి.

అంత మడి పట్టే మనిషి కదా అని దూరంగా ఉండాల్సిన పని లేదు. ఎండాకాలం గ్యాసుబండ మోసుకొచ్చే మనిషి మొదట అడిగేది డబ్బు కాదు, ఆమె చేతి మజ్జిగ. చెత్తబండి లాగే లక్షుమక్క దగ్గుతూ కనిపిస్తే, మరునాటికి మిరియాల కషాయం సీసాలో పోసి గేటుకు తగిలించి ఉంటుంది. పక్కింటి రమణమ్మ గారు రెడ్లు, ఈమె పురోహితుల ఇల్లాలు. ఇద్దరికీ మధ్య గోడ ఉందిగానీ, ఆ గోడమీదుగా దాటని కరివేపాకు లేదు, కబురు లేదు.

ఇటువంటి ఆమె కుక్కను తెచ్చుకున్నారు. ఇంట్లో ఎవరో బతిమాలితే ఒప్పుకోవడం కాదు, తానే అడిగి మరీ తెచ్చుకున్నారు.

జమ్మలమడుగులో వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని కుటుంబమంతా తిరిగి వస్తుండగా కారు టైరు పంక్చరైంది. లాల్ బాషా అనే ఆయన అంగడి దగ్గర ఆపారు. అంగడి వెనక రేకుల షెడ్డులో ఆయన దెబ్బలు తగిలిన కుక్కలను సాకుతుంటాడు. వాటిలో ఒక గోధుమరంగు నాటుకుక్క, వెనక కాలికి కట్టుతో, కుంటుకుంటూ వచ్చింది. పులివెందుల బస్టాండులో ఆటో దాని కాలిమీద ఎక్కితే ఒళ్ళో పడుకోబెట్టుకుని తెచ్చానని బాషా చెప్పాడు. పేరు షేరూ. అది నేరుగా వచ్చి, స్టూలుమీద కూర్చున్న పద్మావతమ్మ గారి ఒడిలో తల పెట్టింది.

ఆమె కొడుకు లక్ష్మీపతి కళ్ళు మూసుకున్నాడు. ఆయన మైదుకూరులో బడిపంతులు. అరుపు వినబోయే ముందు కళ్ళు మూసుకోవడం ఆయన అలవాటు. అరుపు వినబడలేదు. కళ్ళు తెరిచి చూస్తే, వాళ్ళమ్మ పట్టుచీర కొంగుతో ఆ కట్టుమీది ఈగలను తోలుతూ ఉంది.

"అమ్మా, మడి!" అన్నాడు.

"ఇంటికి పోయి స్నానం చేస్తాలేరా. నీళ్ళు యాడికి పోతాయి?"

కారు ఊరు దాటకముందే ఆమె, "ఒరేయ్, ఆ షేరూను మనింటికి తెచ్చుకుందాం" అనేశారు. వెనక సీటులో మనవరాలు సింధూ వేసిన కేక విని, ఎదురుగా వస్తున్న ట్రాక్టరువాడు హారన్ కొట్టాడు.

ఆ తర్వాతి ఆదివారం బాషా తన ఆటోలో షేరూను తీసుకొచ్చాడు. మా వీధంతా గేట్ల దగ్గరే ఉంది. కోడలు ఇందుమతి వాకిట్లో ముగ్గు వేసి, కొత్తకోడలికి తీసినట్టు ఎర్రనీళ్ళు కలిపి పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఆమె దిష్టి తీస్తుంటే షేరూ పళ్ళెంతో పాటు తలను గుండ్రంగా తిప్పి, మూడోసారికి ఆ నీళ్ళను నాకేసింది.

"కుడికాలు! కుడికాలు ముందు పెట్టించండి!" అని రమణమ్మ గారు గోడమీదనుంచి కేకేశారు.

"ముందర కుడికాలా, వెనక కుడికాలా, అత్తా?" అని ఇందుమతికి నిజంగానే సందేహం వచ్చింది.

"వెనకదానికి కట్టుందే! ముందరదే!"

ఈ మాటలు తెగకముందే షేరూ మూడు కాళ్ళమీద గెంతి వసారాలోకి పోయి కూర్చుంది. సింధూ దానికి బ్రూనో అని పేరు పెడతానంది. లక్ష్మీపతి భైరవుడు అన్నాడు. "పెట్టిన పేరు పెట్టినట్టే ఉండాది గదా, దాన్నేంది మార్చేది?" అని పద్మావతమ్మ గారు ఇద్దరినీ నోరు మూయించారు.

పోయేముందు బాషా మాత్రలు ఇందుమతి చేతిలో పెట్టాడు. "కాలికి చీము పట్టకుండా ఇవి వేయాలమ్మా. అన్నం తిన్నాకనే వేయాల. ఉత్తకడుపున వేస్తే కక్కుతాది. తినకుంటే మాత్రం మొగమాటపడొద్దండి, ఫోన్ చేస్తే వచ్చి తోలుకోని పోతా."

"మా ఇంటికొచ్చి తినకుండా యాడికి పోతాడు?" అని పద్మావతమ్మ గారు నవ్వారు.

తినలేదు. నెయ్యి వేసిన పప్పన్నం పెడితే వాసన చూసి, తోక ఊపి, ఆమె ముఖంలోకి చూస్తూ కూర్చుంది. పాలన్నం పెట్టారు. తోక ఇంకా గట్టిగా ఊపిందిగానీ నోరు తెరవలేదు. రొట్టె, బిస్కెట్టు, రమణమ్మ గారి ఇంటి రాగిసంగటి, అన్నీ వరుసగా దాని ముందు చేరాయి. చుట్టూ ఇన్ని గిన్నెలు పెట్టుకుని అది పేరంటానికి వచ్చిన పెద్దమ్మలాగా కూర్చుంది.

అప్పుడు పద్మావతమ్మ గారికి గోడమీది పంచాంగం కనబడింది. ఒక్క క్షణం చేతులు జోడించారు.

"ఏమే ఇందూ, ఈ పొద్దు ఏకాదశి!"

"మీరు ఉపవాసమున్నారు గదా అత్తా, నాకు తెలుసు."

"నేనొక్కదాన్నేనా? వాడు గూడా!"

అంతే. ఆ మాట గోడ దాటింది, గేటు దాటింది, సాయంత్రానికి బంగారు అంగళ్ళ బజారు దాకా పోయింది. పద్మావతమ్మ గారింటికి ఏకాదశి పట్టే కుక్క వచ్చిందట! ఒకరు తులసిమాల తెచ్చారు. ఒకరు అరటిపండు తెచ్చి, "ఫలహారమన్నా చేస్తాడేమో" అని ముక్క విరిచి పెట్టారు. షేరూ దాన్నీ ముట్టలేదు. "చూస్తిరా, కటిక ఉపవాసం!" అని అందరూ ఆశ్చర్యపోయారు.

"అందరూ వచ్చి నెత్తిమీద కూచుంటే యాడ తింటాది అవ్వా?" అని సింధూ గొణిగింది.

"నీ మొగం. పొద్దున ద్వాదశి పారణకు తింటాడు చూడు. వాడు పారణ చేయందే నేనూ చేయను."

సోమవారం తెల్లవారి పూజ కాగానే నైవేద్యం పెట్టిన పెరుగన్నం తెచ్చి షేరూ ముందు ఉంచారు. షేరూ ఆమె ముఖంలోకి చూసింది. ఆమె షేరూ ముఖంలోకి చూశారు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ కూర్చున్నారు. లక్ష్మీపతి బడికి, ఇందుమతి పోస్టాఫీసుకు, సింధూ కాలేజీకి వెనక్కి చూసుకుంటూ చూసుకుంటూ పోవాల్సి వచ్చింది. పోతూ పోతూ ఇందుమతి, "అత్తా, ఇంక ఉపవాసం కాదు ఇది. మాత్ర వేయలేదు. నేను బాషాకు ఫోన్ చేస్తాండా" అంది.

ఆ మాటకు పద్మావతమ్మ గారు షేరూ తలమీద చెయ్యి వేశారు. ఆమె ముఖం చిన్నబోవడం గోడమీదనుంచి చూసిన రమణమ్మ గారు, ఎప్పుడూ లేనిది, ఏ పరిహాసమూ ఆడకుండా లోపలికి పోయారు.

మధ్యాహ్నానికి బాషా వచ్చాడు. షేరూ మూడు కాళ్ళమీద చిందులేసింది.

"దిగులు పెట్టుకుండాది తల్లీ. మీ తప్పేం లేదు. తోలుకోని పోతా."

"పోదువులే నాయనా. అన్నం వేళకు వచ్చినావు, ఒక ముద్ద తినకుండా పోతే మాకు బాగుంటాదా?"

ఎండలో అంతదూరం వచ్చినవాడు, కాదనలేదు. వసారాలో విస్తరి వేసి, అన్నం, పప్పు, గోంగూర పచ్చడి వడ్డించారామె. షేరూ గిన్నె అతని పక్కనే ఉంది. బాషా కింద కూర్చుని మొదటి ముద్ద నోట పెట్టుకున్నాడు.

షేరూ గబుక్కున తల గిన్నెలో పెట్టింది.

"అయ్యో అయ్యో, తింటాండాడు!" అని రమణమ్మ గారు గోడ చుట్టూ తిరిగి గేటులోంచి పరుగెత్తుకొచ్చారు. ఆ సంబరంలో బాషా విస్తరి ముందునుంచి లేచి నిలబడ్డాడు. షేరూ తల ఎత్తేసింది. బాషా కూర్చుని ముద్ద కలిపాడు. షేరూ తల దించింది.

బాషా ఎడమచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "నా మతి మండ! మా షెడ్డులో నేను వీళ్ళ నడుమనే కింద కూచోని తింటా. నేను లేనినాడు మా ఇంటిది అఖ్తర్ బీ కూచుంటాది. పక్కన మనిషి తింటేనే వీడు తింటాడు. మాకు అలవాటైపోయి తోచనే లేదు తల్లీ."

"అంటే నేను తింటానేమో అని వీడు..." అని పద్మావతమ్మ గారు ఆగిపోయారు.

"మీరు తినలేదా?"

"వీడు తినందే తిననంటిని!"

రమణమ్మ గారు నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకున్నారు. బాషా మాత్రం నవ్వలేదు. "నేను పోతే మళ్ళా ఆపేస్తాడు తల్లీ. మీ ఇంట్లో అందరూ లోపల తింటారు. పగలంతా ఉండేది మీరొక్కరే..." అని మాట మింగేశాడు. అంగడి దగ్గర లక్ష్మీపతి మడి అనడం అతనూ విన్నాడు.

"నేను ఈడ కూచోని తింటాలే పద్మావతమ్మా. దినమూ వస్తా. నాకేమి, మడా గిడా?" అన్నారు రమణమ్మ గారు.

"వాడు నీ ఇంటికొచ్చినాడా, నా ఇంటికొచ్చినాడా?"

ఆ మాట అనేసి ఆమె లోపలికి పోయారు. దేవుడిగదిలో ఒకసారి గంట మోగింది. తర్వాత పళ్ళెం చప్పుడు. తన పళ్ళెంలో తన పెరుగన్నం పెట్టుకుని, వసారాలోకి, పట్టపగలు, వీధి మొత్తానికి కనబడేలా వచ్చి, షేరూ పక్కన కింద కూర్చున్నారు. గేటు దగ్గర కూరగాయల బండి ఆగిపోయింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

పద్మావతమ్మ గారు కళ్ళు మూసుకుని గోవిందా అనుకుని, ముద్ద నోట పెట్టుకున్నారు.

షేరూ తింటున్న చప్పుడు వీధి చివరి దాకా వినిపించి ఉంటుంది. బాషా మెల్లగా లేచి, చెయ్యి కడుక్కుని, దూరంగా గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు. షేరూ తల ఎత్తలేదు. ఆమె నమలడం ఆపితే ఒక కన్ను పైకి చూస్తుంది, ముద్ద పెడితే మళ్ళీ గిన్నెలోకి పోతుంది. ఆ కన్ను చూసి ఆమెకు నవ్వొచ్చి పొలమారింది. రమణమ్మ గారు వీపు నిమిరారు.

"రమణమ్మా, మాత్ర పెరుగులో పెట్టి ఇయ్యల్ల. లోపల గట్టుమీద గిన్నెలో పెరుగుంది, తెచ్చిపెట్టు. నేను లేస్తే వీడు ఆపేస్తాడు."

రమణమ్మ గారు వంటింటి దాకా పోయి గడప దగ్గర ఆగిపోయారు. ఇన్నేళ్ళ స్నేహంలో ఆమె ఆ గడప లోపల కాలు పెట్టింది లేదు, పెట్టమని అన్నవారూ లేరు. కాళ్ళు కడుక్కోవాలా, కొంగు చెక్కుకోవాలా, ఏమీ తోచక నిలబడ్డారు.

వసారాలోంచి కేక వచ్చింది. "ఏంది తల్లీ, ముహూర్తం చూస్తాండావా? నా పళ్ళెంలో అన్నం అయిపోతాంది! కుండలో ఉండేది గూడా తీసుకోని రా, నీకూ ఒక పళ్ళెం తెచ్చుకో!"